రోకలితో బిగించిన బెల్టు

మొన్న పొద్దున మా మనుమడి కారు గేటు దాటకముందే ఆగిపోయింది. ఫోన్ చేస్తే ఒకాయన సంచీ తగిలించుకుని బండి మీద వచ్చాడు. చేతులకు రబ్బరు తొడుగులు వేసుకుని, బానెట్ ఎత్తి చూసి, ఆల్టర్నేటర్ పోయిందన్నాడు. నేను మెట్ల మీద కూర్చుని కందిపప్పులో రాళ్లు ఏరుతున్నాను. "డైనమోనా?" అన్నాను. "నీకెట్ల తెలుసు నానమ్మా?" అని మనుమడు నవ్వాడు. చాట ఒళ్లోనే పెట్టుకుని, ఆయన పాతది విప్పి కొత్తది ఎక్కించేదాకా చూస్తూ కూర్చున్నాను. చిన్న ఇనుప కడ్డీతో దాన్ని పక్కకు నెట్టి, బెల్టును వేలితో నొక్కి, తనకు తానే తల ఊపుకుని బోల్టు బిగించేశాడు. ఒక్కడే. సాయం పట్టమని ఎవరినీ పిలవలేదు.

ఎనభైలలో మా ఇంటాయనకు నారాయణఖేడ్ బస్టాండు దగ్గర కిరాయి కారు ఉండేది. బస్సు పోని ఊళ్లవాళ్లకు, బస్సు తప్పిపోయినవాళ్లకు, బోరంచ పోచమ్మకు మొక్కు తీర్చుకోను పోయేవాళ్లకు ఆ కారే దిక్కు. అప్పటి దుమ్ముకూ గుంతలకూ అందులో నెలకు ఏదో ఒకటి ఊడేది, ఆయన ఇంటి ముందర రేకుల కింద పెట్టుకుని తానే బాగుచేసుకునేవాడు. ఆల్టర్నేటర్ అన్న పేరు మాకు తెలియదు, కొత్త రకమైనా పాత రకమైనా మాకు డైనమోనే. బ్యాటరీకి కరెంటు నింపేది అది. ఇంజను తిరుగుతుంటే బెల్టు దాన్ని తిప్పుతుంది. బెల్టు వదులైతే కరెంటు పుట్టదు, మరీ బిగువైతే లోపలి బేరింగు కీచుమని అరిచి కొన్నాళ్లకు పాడవుతుంది. ఆ రెంటి నడుమ బిగువు పట్టడమే అసలు పని.

దానికి ఇద్దరు మనుషులు కావాలనేవాడు ఆయన. ఒకరు డైనమోను ఇంజను నుంచి ఎడంగా గుంజి పట్టాలి, ఇంకొకరు బోల్టు బిగించాలి. గడ్డపారతో గుంజితే దాని ఒళ్లు పగులుతుంది, కట్టె అయితే పగలదని, నన్ను అడగకుండా నా రోకలి ఎత్తుకుపోయి ఒక కొస సన్నగా చెక్కాడు. మా పుట్టింటి రోకలి. కొన్నాళ్లు నేను ఆయనతో మాట్లాడలేదు, అట్లాగని ఇంకో రోకలి కొననూ లేదు. అప్పటి నుంచి ఆ కొసతో డైనమో, ఈ కొసతో మిరపకాయలు. వదిన దంచిన కారంలో గ్రీజు వాసన వస్తుందని మా మరిది ప్రతి ఏడూ ఎక్కిరించేవాడు, ప్రతి ఏడూ కలిపి కలిపి తినేవాడు. గుంజే పని నాదే. ఆయన బెల్టు మీద బొటనవేలు పెట్టి నొక్కుతూ ఉండేవాడు. "చాలు" అనగానే నేను ఎక్కడిదక్కడ ఆపి పట్టేదాన్ని, ఆయన బోల్టు బిగించేవాడు. మా మధ్య ఇంకో మాట ఉండేది కాదు. ఇంటి సంగతుల్లో వేరే దేనికీ నాకు చాలు అని చెప్పే ధైర్యం ఆయనకు ఉండేది కాదు.

ఎండలు ముదిరే రోజుల్లో డైనమో పూర్తిగా పోయింది. ఆయన పట్నం పోయి కొత్తది తెచ్చి, గోనెసంచిలో చుట్టి జొన్న బస్తాల పక్కన పెట్టాడు. బిగించే తీరిక దొరకకముందే, బస్టాండులో చాయ్ తాగుతూ బల్ల మీద నుంచి పక్కకు ఒరిగాడు. కారు లేవలేదు, బ్యాటరీలో కరెంటు లేదు. ఎవరిదో జీపులో వేసుకుని దవాఖానకు పోయారు. కారు లేచినా ఏం లాభం ఉండేది కాదు, బల్ల మీదనే ప్రాణం పోయిందని డాక్టరు చెప్పాడు. ఆ మాట మా అత్త చెవికి ఎక్కలేదు. తన కొడుకును ఆ కారే చంపిందని ఆమె నమ్మింది.

నాకు ఏడుపు రాలేదు. ఆడవాళ్లు వచ్చి నా మెడ పట్టుకుని ఏడ్చి, నా మొహంలోకి ఒకసారి చూసి, కొంగు దులుపుకుని లేచి పోయేవాళ్లు. వాళ్ల ఏడుపు నాకు పక్క ఊళ్లో మైకు మోగినట్టు వినిపించేది. చాయ్ పెట్టేవాళ్లు చక్కెర ఎక్కువ పోస్తున్నారే అన్న ఆలోచన మాత్రం తలలో తిరుగుతూ ఉండేది. మరిది పక్కన కూర్చుని, "బీదర్ ఆయన ఐతారం వస్తడట వదినా. కారును తుక్కు కింద కొంటడట. అమ్మేసి నేను పట్నం పోత, ఏదన్న కూలి చూసుకుంట," అన్నాడు. అతను పోతే ఇంట్లో మిగిలేది నేను, అత్త, నా చిన్న పిల్లలు, వాన పడితే పండే ఇంత చెలక. అదీ నాకు దూరం నుంచే వినిపించింది.

దినాలు కాకముందే ఒక మధ్యాహ్నం క్రిస్టియన్ల వాడ నుంచి పాస్టరయ్య పలకరించను వచ్చాడు. లేచి పోబోతూ, "బేస్తారం నా బిడ్డ పెండ్లి చెల్లే. పిల్లను నేనే తోల్కపోత అని నీ పెనిమిటి మాటిచ్చిండు. ఇగ నేను వేరే బండి చూసుకుంట, ఏమనుకోకు," అన్నాడు.

"చావయిన ఇంటి బండి. ఇందుల పెండ్లిపిల్లను ఎక్కిస్తవా?" అని అడిగాను.

"మాకు గసొంటి పట్టింపుల్లేవమ్మా. వస్తే సంతోషమే."

"వస్తది," అన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు.

పాస్టరయ్య గల్లీ మలుపు తిరగ్గానే మరిది లేచాడు. "ఎట్ల వస్తది? లేస్తెనా అది?"

"డైనమో ఇంట్లనే ఉన్నది గద."

"మరి మిస్త్రీని పిలుస్త."

"సామాను ఇంట్ల ఉండంగ మిస్త్రీ ఎందుకు? మీ అన్న ఎన్నిసార్లు విప్పిండు, నువ్వు చూడలేదా? పానలు తీస్కరా. లేస్తే ఉంచుకుందాం, నువ్వే నడుపు. లేవకుంటే ఐతారం ఇచ్చెయ్."

మరునాడు బ్యాటరీని చార్జింగు దుకాణంలో నింపించి తెచ్చాడు. నేను రోకలి తీసుకుని బయటికి రాగానే మా అత్త గడపలో అడ్డం నిలబడింది. మా ఇండ్లలో మనిషి పోతే దినాలు అయ్యేదాకా రోకలి ముట్టరు.

"పాణం పోయిన ఇంట్ల దంచుడు వెడుతవానే? సిగ్గున్నదా?"

"దంచుతలేనత్తమ్మా. గుంజుతున్న."

"నా కొడుకు పడిపోతే అది కదల్లే. దానికి సేవ జేస్తవా! కండ్లల్ల నీళ్లు రావు గాని రోకలి చేతికొచ్చింది."

నేను ఆమె పక్క నుంచి దాటి పోయాను. ఆమె అట్లాగే గడప మీద కూలబడింది.

మరిది పాతదాని తీగలు విప్పేటప్పుడు ఏది ఎక్కడిదో మరిచిపోకుండా లావు తీగకు గుడ్డపీలిక కట్టాడు. పాతది దించి, కొత్తది ఎక్కించి, బెల్టు తొడిగాడు. తీగలు కలిపి, అన్నిటికంటే ఆఖరున బ్యాటరీ బిగించాలనుకున్నాడు. నేను రోకలి కొస సందులో పెట్టి గుంజాను. అతను బొటనవేలు బెల్టు మీద పెట్టాడు. నేను గుంజుతూనే ఉన్నాను. అతను నొక్కుతూనే ఉన్నాడు. ఇక నా రెక్కలు సాగవు అన్నప్పుడు బోల్టు బిగించాడు. బ్యాటరీ తీగలు పెట్టి తాళం తిప్పితే ఇంజను లేచింది. లేస్తూనే డైనమో కీచుమని అరిచింది. గల్లీలో కుక్కలు లేచాయి. అత్త చెవులు మూసుకుంది. మరిది గబగబా ఆపేశాడు.

"గంత బిగువు ఎందుకు గుంజినవ్ వదినా?"

"నువ్వు ఆపమన్లే గద."

"నిన్ను ఆపమని నేనెట్లంట? అన్న పెండ్లానివి. నువ్వే ఆపుతవని నేను చూస్తున్న."

ఇద్దరం బెల్టు వంక చూస్తూ నిలబడ్డాం. అతను బోల్టు వదులు చేశాడు. నేను మళ్లీ రోకలి పెట్టి గుంజాను. అతను మళ్లీ వేలు పెట్టాడు, పెదవులు కదిపాడు, మాట రాలేదు. నాకు ఆపాలని తెలుసు, ఎక్కడ ఆపాలో తెలియదు. నా చేతులు ఆ ఒక్క మాట వినే ఆగడం నేర్చుకున్నాయి.

"చాలు," అన్నది వెనక నుంచి మా అత్త.

ఆగాను. మరిది బోల్టు బిగించాడు. ఎన్నో ఏండ్లు ఆ గడప మీద కూర్చుని జొన్నలు చెరుగుతూ ఆమె మమ్మల్ని చూసింది, ఎంత గుంజితే కొడుకు నోట ఆ మాట వస్తుందో ఆమె కండ్లకు తెలుసు. ఈసారి ఇంజను లేచి సాఫుగా తిరిగింది, కరెంటు పుట్టడం లేదని చూపే ఎర్ర లైటు ఆరింది. ఆమె కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి పోయింది. నేను రోకలి తుడిచి మూలకు పెట్టాను. అప్పుడు కూడా నాకు ఏమీ అనిపించలేదు, రెక్కలు మాత్రం నొప్పి పెట్టాయి.

బేస్తారం, అంటే గురువారం, మరిది పెండ్లికి కారు తోలుకుని పోయాడు. ఐతారం బీదర్ ఆయన వచ్చి, చాయ్ తాగి, ఉత్త చేతులతో పోయాడు. మరిది పట్నం పోలేదు, ఆ కారే పిల్లలను సాకింది. బెల్టు బిగించాల్సి వచ్చిన ప్రతిసారీ అత్త పని వదిలి గడప మీదికి వచ్చి కూర్చునేది. కారును తిట్టడం మాత్రం తాను పోయేదాకా మానలేదు.

ఆ పెండ్లిపిల్ల ఈ మధ్య నాకు కూరగాయల అంగట్లో ఎదురుపడింది. తల నెరిసింది, చంకలో మనుమరాలు. "అమ్మా, నేను అత్తగారింటికి మీ కార్లనే పోయిన, యాదున్నదా? నిన్నగాక మొన్నలెక్కనే ఉన్నది," అని నవ్వుతూ నా చేయి పట్టుకుంది. యాదున్నది బిడ్డా అన్నాను. ఆమె ఇంకా ఏమేమో చెప్తూనే ఉంది. ఆమెది పెండ్లి, నాది చావయిన ఇల్లు, ఇద్దరం మాట్లాడేది ఒక్క బేస్తారం గురించేనని నాకు ఎంతసేపటికీ అనిపించలేదు.