మేకు గీసిన రికార్డు

తాక్ మల్‌సున్‌కు డెబ్బై రెండేళ్లు. సియోల్‌లో నేలకింది అంగళ్ల వరుసలో పాత రికార్డులు అమ్ముతుంది. పడుచుతనంలో పల్లె పాటలను ఎలక్ట్రిక్ గిటార్ల హోరులో పాడి ఒకే ఒక్క రికార్డు ఇచ్చింది. నెల తిరక్కుండానే సర్కారు దాన్ని నిషేధించింది. రేడియో ఆఫీసులో ప్యో అనే గుమాస్తా ఆమె కళ్లెదుటే దానిమీద మేకుతో గీతలు గీసి, "ఇవి పాటలా, పిచ్చి కేకలా? పోయి పెళ్లి చేసుకో పిల్లా!" అని నవ్వాడు. ఆమె మళ్లీ మైకు ముట్టలేదు.

మొన్న ఆ ప్యోనే ఖరీదైన కోటు వేసుకుని ఆమె కొట్టుకు వచ్చాడు. ఆమెను గుర్తుపట్టలేదు. ఆ రికార్డే అడిగి, "మేం ప్రాణంలా కాపాడుకున్న పాటలమ్మా ఇవి. ఈ కాలం కుర్రకుంకలకేం తెలుసు!" అన్నాడు.

మల్‌సున్‌కు కోపం రాలేదు. చెప్పుకింద నలిగిన బొద్దింకను చూసినట్టు చూసింది.

"మీరు మేకుతో గీసింది కావాలా, గీయంది కావాలా?"

ప్యో మొహం మాడిపోయింది. "అప్పుడు... పైవాళ్లు చెయ్యమన్నారు," అని నసిగాడు.

"మరి ఆ నవ్వో? అదీ పైవాళ్లే నవ్వమన్నారా?"

అతను మెట్లెక్కి వెళ్లిపోయాడు.

"ఎవరొదినా ఆయన?" అంది పక్క కొట్టావిడ.

"ఎవడో పెద్ద సంగీత రసికుడులే," అని మల్‌సున్ తన బార్లీ టీ అందుకుంది.