ఎర్ర గుడ్డ కట్టిన బ్యాటరీ

నా పేరు చింతల సైదమ్మ. ఆధార్ కార్డులో డెబ్బై రెండేళ్లు. కార్డు తప్పు, ఇంకో మూడు కలుపుకోండి. కోదాడలో కాలువ కింది వీధిలో ఉంటాను. ఇంట్లో నేను, నా కోడలు పద్మ, రెండు బర్రెలు. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే మిర్యాలగూడ మేడం రాస్తున్నది. నా మాటలను పుస్తకంలో పెట్టే తీరుగా సరిచేయమన్నాను. మెత్తగా మాత్రం చేయొద్దన్నాను.

మా పక్కింటి సారు చనిపోయారు. మొన్నటి వానల్లో, ఆదివారం పొద్దున, నా కళ్ల ముందే పోయారు. ఆయన జ్ఞాపకార్థ కూడిక నాడు పంచే ఈ చిన్న పుస్తకానికి నాలుగు మంచి మాటలు చెప్పమని నన్ను అడిగారు. చెబుతాను. కానీ అదే రోజు వీధి పెద్దలు కూర్చుని, సారు డాబా మీది రేడియో కంబాన్ని పీకించాలని తీర్మానం చేస్తారట. అందుకే మంచి మాటలతో పాటు నిజం కూడా చెబుతున్నాను. కూర్చునే ముందు ఇది చదవండి. నాలాంటి వాళ్లకు చదివి వినిపించండి.

సారు సర్కారు బడిలో సైన్సు చెప్పి రిటైరయ్యారు. భార్య ముందే పోయింది, పిల్లలు లేరు. ఎప్పటి నుంచో ఆయాసం. రోజుకు రెండు పూటలా ముక్కుకు మిషన్ పెట్టుకుని మందు పీల్చేవారు. పొద్దున నేను పాలు తీసుకుని వెళ్లేసరికి మేడ మీది గదిలో రేడియో ముందు కూర్చుని ఉండేవారు. అది పాటలు వినే రేడియో కాదు. పరీక్ష రాసి, లైసెన్సు తెచ్చుకుని, మనం కూడా మాట్లాడే రేడియో. హ్యామ్ రేడియో అంటారు. దానికి టవర్ అక్కర్లేదు, సిమ్ అక్కర్లేదు. ఒక పెట్టె, ఒక బ్యాటరీ, ఒక తీగ. ఆ తీగ ఆయన డాబా మీది ఇనుప కంబం నుంచి మా బర్రెల కొట్టం పక్కన పాతిన వెదురు దాకా వచ్చేది.

కట్టిన కొత్తలో నేను దాని మీద చీరలు ఆరేశాను. సారు గోడ మీదుగా తల పెట్టి పిలిచారు.

"అక్కా, గది బట్టల తీగ కాదు. నీ తడి చీర పడ్డకాడి నుంచి సూర్యాపేటాయన మాట నాకు వస్తలేదు."

"నా చీరకు సూర్యాపేటకు ఏం సంబంధం సారూ? నా చీర జూసి ఆయన సిగ్గుపడుతుండా?"

సారు నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకున్నారు. మర్నాడు నైలాన్ తాడు తెచ్చి మా వాకిట్లో ఆయనే కట్టారు. ఆ తాడు ఇంకా ఉంది. నిన్న కూడా దాని మీదే బట్టలు ఆరేశాను.

ప్రతి ఆదివారం పొద్దున ఏడింటికి వాళ్లకు హాజరు. కరెంటు డిపార్టుమెంటులో చేసి రిటైరైన ఒక సూర్యాపేట సారు ఒక్కొక్కరినీ పిలిచేవారు. మిర్యాలగూడలో ఈ మేడం, కోదాడలో మా సారు, ఇంకా ఐదారుగురు. పిలిచిన వాళ్లు "ఉన్నాను" అనాలి. వాన ఎంత పడింది, కాలువ ఎట్లా ఉంది, బ్యాటరీ ఎట్లా ఉంది చెప్పాలి. అంతే. నాకు నవ్వొచ్చేది.

"వారం వారం ఉన్న, ఉన్న అని చెప్పుకునేతందుకు గింత సామానా సారూ?"

"ఉన్నమని వారం వారం చెప్తేనే అక్కా, లేనినాడు తెలుస్తది," అన్నారు.

వాళ్ల కట్టుబాటు ఒకటుంది. రెండుసార్లు పిలిచినా జవాబు రాకపోతే అక్కడ ఏదో అయిందనే లెక్క. ఎవరు అవునన్నా కాదన్నా అక్కడికి మనుషులను పంపాలి.

ఇక పిడుగు సంగతి. కంబం పిడుగును పిలుస్తుందని మీరు అంటున్నారు కదా, వినండి. సారు కంబం మొదట్లో గుంత తీసి, బొగ్గులు, ఉప్పు పోసి, రాగి తీగ దింపారు. ఎండాకాలం ఆ గుంతలో రోజూ బిందెడు నీళ్లు పోసింది నేను. ఉరిమితే చాలు, రేడియో నుంచి తీగ ఊడదీసి దాని కొనను గాజు సీసాలో పెట్టేవారు. ఆ సీసా మా మామిడికాయ పచ్చడిది. "పచ్చడి వాసన పోలే సారూ" అంటే, "పోనియ్యకు, పిడుగు కూడ ముక్కు మూసుకుని పోతది" అనేవారు. ఇన్నేళ్లలో మన వీధిలో పిడుగు పడింది ఒక్కసారి. అది కంబం మీద కాదు, కిరాణా కొట్టు ఆయన ఇంటి కొబ్బరిచెట్టు మీద.

బ్యాటరీలు రెండు. లారీలకు పెట్టేవి. ఒకటి రోజూ వాడేది. రెండోదానికి ఎర్ర గుడ్డ కట్టి చెక్క పెట్టెలో పెట్టి తాళం వేసేవారు. అది గాలివానకు. కరెంటు పోయి, టవర్లు పోయి, మొదటిది కూడా అయిపోయిన తర్వాత. చిన్న ఇన్వర్టర్ తగిలించి, ఆయన మందు మిషన్ కూడా అప్పుడు దాని మీదే నడవాలి. ఆయనకు మతిమరుపు, తాళం చెవి ఎక్కడో పెట్టి వెతికేవారు. అందుకని నా కొంగుకు కట్టారు.

"ఎవలు అడిగినా తీయకు అక్కా. నేనడిగినా ఎందుకని అడుగు. వినేతందుకు చెంచాడు కరెంటు సాలు. మాట్లాడాలంటే బిందెడు కావాలె. బిందె మనం నింపిపెట్టుకోవాలె."

ఇప్పుడు ఆ వాన గురించి.

శుక్రవారం మొదలైంది. శనివారం పొద్దున్నే కరెంటు పోయింది. పది గంటలకు ఫోన్లు మూగబోయాయి. పదకొండింటికి సూర్యాపేట సారు రేడియోలో చెప్పారు, పైన చెరువు కట్ట తెగింది, నీళ్లు మీ వైపు వస్తున్నాయని. మా సారు ఆ వానలో, ఆ ఆయాసంతో ఇంటింటికీ తిరిగి తలుపులు కొట్టారు. కిరాణా కొట్టు ఆయన కదలలేదు.

"ఏమండీ సారూ, మీ డబ్బాలో ఎవరో అంటే కొట్టు వదిలేసి వచ్చేయాలా?"

"కొట్టు నానుతది నాయనా, నువ్వు మునుగుతవు. ఏది నయమో జూసుకో."

వీధి వీధంతా సారు మేడ ఎక్కాం. నా బర్రెలను కూడా ఆయనే చెప్పి కాలువ కట్ట మీదకు తోలించారు. గంటలో కింది ఇళ్లలో నడుము లోతు నీళ్లు. ఒక్క ప్రాణం పోలేదు. ఇది మీ అందరికీ గుర్తుందా? మీరు చెప్పుకోవడం లేదు కాబట్టి అడుగుతున్నాను.

సాయంత్రం దాకా సారు మాట్లాడుతూనే ఉన్నారు. ఏ దారి తెగింది, ఏ బడిలో ఎందరున్నారు, ఎవరికి మందులు కావాలి. మొదటి బ్యాటరీ అయిపోయింది. ఇప్పటికి చాలు, ఎర్ర గుడ్డది పొద్దున తీద్దామని చెప్పి, తడిసిన బట్టలతోనే పక్క గదిలో పడుకున్నారు.

అప్పుడు అందరూ నా చుట్టూ చేరారు. మొదట మన వీధి మీరాబీ వచ్చింది. ఆమె బిడ్డ మిర్యాలగూడలో నెలలు నిండి ఉంది.

"సైదమ్మత్తా, ఒక్క ఫోనే. టవర్ వస్తే బిడ్డతోని ఒక్క మాట. పది నిమిషాలు పెట్టి తీసేస్త."

వద్దన్నాను. ఏడ్చింది. ఇంకొకరు వచ్చారు, ఇంకొకరు వచ్చారు. అత్తా అన్నారు, అమ్మా అన్నారు, పెద్దమ్మా అన్నారు. పాలలో నీళ్లు కలుపుతానని వీధి చివర దాకా అరిచినామె కూడా వచ్చి నా గదవ పట్టుకుని బతిమాలింది.

మీరాబీ ఏడుపుకు తీశానని చెప్పుకుంటే నాకు బాగానే ఉంటుంది. అది సగమే. అంతమంది నా ముందు బతిమాలుతుంటే నాకు రుచిగా ఉంది. డెబ్బై ఏళ్లకు పైగా నేను అందరి గుమ్మాల ముందు చెంబు పట్టుకుని నిలబడ్డదాన్ని. ఆ రోజు నా కొంగుకు తాళం చెవి ఉంది. కొంగు ముడి విప్పాను.

ఒక ఫోను రెండయింది. రెండు గది నిండా అయ్యాయి. ఎవరో ఛార్జింగ్ లైట్లు తెచ్చారు. కిరాణా కొట్టు ఆయన వాళ్ల అమ్మకు ఉక్కగా ఉందని టేబుల్ ఫ్యాన్ పెట్టాడు. నేను చూస్తూ కూర్చున్నాను. టవరే లేనప్పుడు ఆ ఫోన్లు నిండి ఏం చేస్తాయని ఒక్కరం అనుకోలేదు. చదువుకున్న వాళ్లు కూడా అనుకోలేదు.

తెల్లవారి, పాలు పిండే వేళకు సారుకు ఊపిరి అందలేదు. మిషన్ పెట్టాం. ఒక్కసారి గురక పెట్టి ఆగిపోయింది. సారు రేడియో వైపు చెయ్యి చూపారు. ఎత్తి కూర్చోబెట్టాం. రేడియో పెట్టెలో దీపం వెలిగింది. సరిగ్గా ఏడయింది. సూర్యాపేట సారు గొంతు వచ్చింది.

"కోదాడ, కోదాడ. సారూ, ఉన్నరా?"

సారు మాట్లాడే మీట నొక్కి "ఉన్నా" అన్నారు. నొక్కగానే పెట్టె ఆరిపోయింది. వదిలితే వెలిగింది. వినడానికి చెంచాడు మిగిలింది. మాట్లాడటానికి లేదు.

"కోదాడ, కోదాడ. జవాబియ్యండి."

మళ్లీ నొక్కారు. మళ్లీ "ఉన్నా" అన్నారు. ఆ మాట ఆ గదిలో ఉన్న మాకే వినబడింది. తర్వాత ఈ మేడం గొంతు కూడా వచ్చింది, సారూ, సారూ అని.

ఇక్కడ మేడం రాయడం ఆపింది. రాయమ్మా, నేనేడవడం లేదు, నువ్వెందుకు ఏడుస్తావన్నాను.

సారు చెక్క పెట్టెలోని బ్యాటరీని చూశారు. దానికి వేలాడుతున్న వైర్లను చూశారు. నా కొంగును చూశారు. ఒక్క మాట తిట్టి పోయినా నాకు ఇంత బరువు ఉండేది కాదు. మూడోసారి పిలుపు వచ్చినప్పుడు ఆయన వేలు మీట మీదే ఉంది. నొక్కలేదు.

జవాబు రాకపోవడమే జవాబుగా తీసుకుని సూర్యాపేట సారు కట్టుబాటు ప్రకారం కబురు పంపారు. పడవ ఎనిమిదిన్నరకు మన వీధిలోకి వచ్చింది. అది రాత్రంతా హైవే దగ్గరే ఉందట. అందులో ఆక్సిజన్ ఉంది, నర్సమ్మ ఉంది. ఆమె సారు చెయ్యి పట్టుకుని చూసి, "గంట ముందు చెప్పొద్దా అమ్మా?" అంది. మా అందరి చేతుల్లో నిండా ఛార్జింగు ఉన్న ఫోన్లు.

ఆ పడవలోనే మీరందరూ బయటపడ్డారు. మీరాబీ బిడ్డ క్షేమమన్న కబురు కూడా మొదట వచ్చింది మేడం రేడియో నుంచే, పడవ వాళ్ల చేతికి.

ఇప్పుడు మీరేమంటున్నారు? వానలో డాబా ఎక్కి తీగ సరిచేసి, చలి పట్టి పోయాడట. కంబమే మింగిందట. సారును కంబం మింగలేదు. తాళం తీసింది నేను. వైర్లు పెట్టింది మీరు. ఆ కంబం మన తప్పును అందరికీ కనబడేటట్టు నిలబడి ఉంది, అందుకే మీకు అది కళ్లలో గుచ్చుకుంటున్నది. నాక్కూడా గుచ్చుకుంటుంది. రోజూ బర్రెల దగ్గరికి పోతుంటే ఎదురుగా అదే. అయినా పీకనివ్వను. మళ్లీ వాన రాదని ఎవరైనా కాగితం రాసిస్తే అప్పుడు పీకండి.

నా కోడలు పద్మ పదో తరగతి పాసైంది. మిషన్ కుట్టుకుంటూనే మేడం దగ్గర పాఠం చెప్పించుకుంటున్నది. రేడియో పరీక్ష రాస్తుంది. బ్యాటరీ తాళం చెవి ఇక నా దగ్గర ఉండకూడదు. ఈ కాగితంతో పాటు మేడం చేతిలో పెడుతున్నాను. పద్మకు లైసెన్సు వచ్చిన రోజు ఆమెకు ఇవ్వాలి. నేను ఎంత అడిగినా, ఏడ్చి అడిగినా, నాకు ఇవ్వొద్దు.

ఆదివారం ఏడింటికి నేను ఇప్పటికీ మేడ ఎక్కుతాను. పద్మ పెట్టె పెడుతుంది. సూర్యాపేట సారు ఒక్కొక్కరినీ పిలుస్తారు. కోదాడ పేరు ఇంకా కొట్టేయలేదు. "కోదాడ" అంటారు. ఆగుతారు. నూనెలో నీటిచుక్కలు పడ్డట్టు చిటపటమనే చప్పుడు. మీట నా చేతికి అందేంత దగ్గర్లో ఉంటుంది. లైసెన్సు లేనిదాన్ని, నొక్కను. మళ్లీ "కోదాడ" అంటారు. ఈసారి ఇంకొంచెం ఎక్కువసేపు ఆగుతారు. నేను ఆయన కుర్చీ పక్కన నేల మీద కూర్చుని, పాలచెంబు ఒళ్లో పెట్టుకుని, ఆ చిటపటలను వింటాను. తర్వాత ఆయన మిర్యాలగూడను పిలుస్తారు.

చదివి వినిపించగా విన్నాను. నేను చెప్పినట్టే ఉంది.

చింతల సైదమ్మ, ఎడమ చేతి వేలిముద్ర

దీనికి సాక్షులు:
చింతల పద్మ, కోడలు
షేక్ మీరాబీ, మొదటి ఫోను నాదే