హేరోదుకు కొట్టిన చప్పట్లు

మొన్న మా చర్చి వసారాలో క్రిస్మస్ నాటకానికి యువకులు గడ్డాలు అంటించుకుంటున్నారు. ఆ జిగురు వాసన తగలగానే నాకు సిగ్గు వేసింది. నిజాం రోజుల్లో, ధరూర్ దగ్గరి పల్లెలో మిషన్ బడి పంతులుగా ఉన్నప్పుడు, హేరోదు రాజుకు గడ్డంతోపాటు మంచితనం కూడా అంటించిన తెలివితక్కువవాణ్ణి నేను. గడ్డం సాయంత్రానికి ఊడింది, మంచితనం ఊడలేదు.

ఆ ఏడు గద్వాలకు గుడారం టాకీ వచ్చింది. వరుసగా నాలుగు ఆటలు చూశాను. అందులో ప్రతి దొంగకూ ఒక కన్నీటి పాట ఉండేది. తప్పొప్పులు చూసే చోటును బట్టి ఉంటాయని, టికెట్టు కొని మరీ నేర్చుకున్నాను. నాకు చదువు చెప్పి, ఉద్యోగం ఇప్పించిన మా పాస్టరు ఆశీర్వాదం అయ్యగారితో ఆ మాటే అన్నాను.

"దేవుడు ఆజ్ఞలు రాతి మీద రాసిండయ్యా," అన్నారాయన. "నువ్వు బడి పలక అనుకొని తుడుస్తున్నవ్."

"కథే కద అయ్యగారూ."

"కథే. మరి దొంగ కోసం ఏడ్చిన కండ్లు ఎవరియి?"

నేను వినలేదు. కొత్త రాజు పుట్టాడన్న భయంతో పసిపిల్లలను చంపించిన హేరోదుకు రెండు పేజీల వేదన రాశాను. క్రిస్మస్ మధ్యాహ్నం ముందు కుర్చీలో కూర్చున్న ఊరి పటేలు దానికి పొంగిపోయాడు. "శభాష్ పంతులూ. రాజుకు రాజు కష్టాలుంటయి, మందికేం తెల్సు," అని చప్పట్లు కొట్టాడు. జనమూ కొట్టారు.

కొట్టనిది రత్నమ్మ ఒక్కతే. ఆ వానకాలమే, పచ్చి బాలింత అని కూడా చూడకుండా, పటేలు ఆమెను వెట్టికి పిలిపించి వడ్లు దంచించాడు. పుట్టిన పదో నాడు బిడ్డ పోయింది. ఆ సంగతి నాకు తెలుసు. రాసేటప్పుడు గుర్తు రాలేదు, అంతే.

"సారూ, చంపినోని బాధ చెప్పినవు," అందామె. "తల్లులు యాడ వోయిండ్రు?"

"టైం చాల్లేదమ్మా," అన్నాను. ఇంత అసహ్యమైన మాట నా నోట మళ్లీ రాలేదు.

అయ్యగారు లేచి పటేలు ఎదుట నిలబడ్డారు. "ఎందుకు చంపిండో దేవుడు అడగడు పటేలా. రత్నమ్మ బిడ్డ ఏదని అడుగుతడు."

"పండుగ పూట గియ్యేం మాటలు?" అంటూ పటేలు వెళ్లిపోయాడు.

నెల తిరగకముందే పటేలు ఫిర్యాదు మిషన్‌కు చేరింది. విచారణకు వచ్చిన పెద్దలు, పాస్టరు మర్యాద తప్పాడా అని నన్ను అడిగారు. నా ఉద్యోగం నాకు ముద్దు. "చూసే చోటును బట్టి ఉంటది," అన్నాను. అయ్యగారిని ఎక్కడో అడవి అంచున ఉన్న బల్మూరు పంపించారు. బండి ఎక్కుతూ ఆయన నన్ను తిట్టలేదు.

"ఎక్కాలు మాత్రం మార్చకయ్యా," అన్నారు. "రెండు రెండ్లు నాలుగే. పటేలు ఇంటి పిల్లలకు గూడ."

ఆ ఏడే వానకాలం చివర జ్వరంతో ఆయన అక్కడే పోయారు. క్షమించమని అడగడానికి నాకు ఎనిమిది నెలల వ్యవధి ఉండింది. బల్మూరు చాలా దూరమని చెప్పుకుంటూ గడిపాను.

ఆ క్రిస్మస్‌కు నాటకం మళ్లీ నేనే రాశాను. హేరోదు లేడు. ఊళ్లోని తల్లులే ఏడుగురు ఒక్కొక్కరుగా వచ్చి, పోయిన తమ బిడ్డ ఎన్నాళ్లు బతికిందో చెప్పి నిలబడ్డారు. "పది దినాలు," అంది రత్నమ్మ, ముందు కుర్చీ వైపు చూస్తూ. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

పటేలు ఇబ్బందిగా కదిలాడు. "ఏంది పంతులూ, రాజు రానే రాలేదు?"

నేను చేతులు కట్టుకొని, ఎంతో వినయంగా చెప్పాను.

"రాజుకని ఏసిన కుర్చీల మీరు గూసున్నరు పటేలా."