గరగర పోయిన మిక్సరు

సెకండ్‌హ్యాండ్ స్టూడియో సామాను బాగుచేసే ఆ ఇంటి కోడలు, ఏ పెట్టె వచ్చినా మూత విప్పి ముందు వాసన చూస్తుంది. కాలిన వాసన తగిలిందా, ముఖం విప్పారుతుంది, జబ్బు దొరికినట్టే. సాయంత్రం రికార్డింగుకు కావలసిన ఈ పాత సౌండ్ మిక్సరు మాత్రం వాసనకు అందకుండా, గరగరమంటూ ఆమెను ఏడిపించింది. చివరికి వదులైన అతుకొకటి కనిపిస్తే టంకం వేసి, మైకు తగిలించి, హెడ్‌ఫోన్ పెట్టుకుంది. గరగర లేదు కానీ, సన్నగా పాట వినిపించింది. రేడియో జొరబడుతోందేమోనని కంగారుపడి చూస్తే, కిటికీ అవతల అత్తగారు బట్టలు ఆరేస్తూ కూనిరాగం తీస్తున్నారు.

"మీరు పాడతారా అత్తయ్యా?"

"నా మొహం. నోరు ఊరుకోక."

"వచ్చి మైకులో పాడండి, బాగైందో లేదో చూడాలి."

అత్తగారు తడిచేతులు తుడుచుకుని, సిగ్గుపడుతూనే గొంతెత్తారు. పల్లవి పూర్తికాకముందే మిక్సరు బాగైందని తేలిపోయింది. కోడలు నవ్వు ఆపుకుంటూ, "ఇంకా అనుమానంగా ఉంది, ఇంకోటి పాడండి" అంది.