పక్క ఫ్లాట్ ఆంటీ గొంతు

సింగపూర్ బుకిట్ పంజాంగ్‌లో మా పక్క ఫ్లాట్ ఆంటీకి మెల్లగా మాట్లాడటం చేతకాదు. మలేషియాలో పుట్టి పెరిగిన తెలుగావిడ, అక్కడివాళ్లలాగే మాట చివర 'లా' అని తగిలించేది. ఉగాది విందులో "మీ అమ్మాయి ఏ జూనియర్ కాలేజీ?" అని ఎవరడిగినా, "జూనియర్ కాలేజీ కాదు లా, పాలిటెక్నిక్!" అని హాలంతా వినబడేలా చెప్పేది. యూనివర్సిటీకి దారి జూనియర్ కాలేజీ ఒక్కటే, పాలిటెక్నిక్ మార్కులు తక్కువైనవాళ్లకి అనుకునే, ఆంధ్రా నుంచి వచ్చిన మేమైతే ఆ మాట పలకాల్సి వస్తే గొంతు తగ్గించేవాళ్లం, ఇంట్లో ఎవరికో జబ్బు చేసిన సంగతి చెబుతున్నట్టు.

పాలిటెక్నిక్ పూర్తవగానే ఆ అమ్మాయికి యూనివర్సిటీలో సీటొచ్చింది. పాలిటెక్నిక్‌లో చదివిన సబ్జెక్టులు లెక్కలోకి తీసుకుని నేరుగా రెండో ఏడాదిలో చేర్చుకున్నారు. ఆంటీ కేసరి గిన్నెతో మా తలుపు తట్టింది.

"ఇక హాయిగా యూనివర్సిటీ అని చెప్పుకోవచ్చు ఆంటీ," అన్నాను.

"అదేంటమ్మా, పాలిటెక్నిక్కే కదా దాన్ని అక్కడికి పంపింది! నేను రెండూ చెప్తా లా!"

చెప్పింది కూడా. కారిడార్ చివరిదాకా ప్రతి గుమ్మంలోనూ ఆ గొంతు వినబడింది.

తర్వాత వాళ్లు ఇల్లు మారిపోయారు. మొన్న ఉగాది విందులో ఒకావిడ నన్ను అడిగింది, మా అమ్మాయి ఏ జూనియర్ కాలేజీలో చేరిందని. అలవాటుగా నా గొంతు తగ్గబోయింది. అంతలో ఆ కేసరి గిన్నె కళ్లముందు మెదిలింది.

"పాలిటెక్నిక్ అండీ!" అన్నాను, హాలంతా వినబడేలా.

దూరంగా భోజనాల వరసలో నిలబడ్డ మా అమ్మాయి వెనక్కి తిరిగి, నావైపు చూసి నవ్వింది.