మామగారు ఎండబెట్టిన రాళ్లు

మా మామగారు పోయారని ఆస్పత్రి నుంచి మా ఆయన ఫోన్ చేసినప్పుడు నా చెయ్యి మోచేతి దాకా ఉప్పునీళ్లలో ఉంది. ఏలూరులో మా ముందుగదిలోని అక్వేరియం అద్దానికి పట్టిన పాచి గీకుతున్నాను. ఆ కబురు విని నేను మొదట చేసిన పని చెబితే మీరేమనుకుంటారో. చేప బయటికి గెంతుతుందేమోనని తొట్టె మీద మూత పెట్టాను. చెయ్యి కడుక్కున్నాను. ఆ తర్వాతే కూలబడి ఏడ్చాను. అంత జాగ్రత్త ఆయన దగ్గర అబ్బిందే.

ఆయన వట్టి భయస్తులు. కలిదిండి వైపు ఏళ్ల తరబడి రొయ్యల చెరువులు చేసినవారు. పక్క చెరువులో జబ్బుతో చచ్చిన రొయ్యని ఒక కాకి ముక్కున కరుచుకొచ్చి మన చెరువులో జారవిడిస్తే చాలు, పంట మొత్తం పోతుంది. అందుకే అక్కడ చెరువుల మీద అడ్డంగా తీగలు కడతారు. చెరువులు వదిలేసి మా దగ్గరికొచ్చాక కూడా మేడ మీద కాకి అరిస్తే చాలు, ఆయన చెయ్యి దానంతటదే లేచేది. "హుష్!" అనేవారు. కొత్తల్లో నాకు నవ్వొచ్చేది.

ఆ భయం ఎక్కడిదో మా అత్తగారు ఒకసారి చెప్పారు. ఒక ఏడాది తన వల చిరిగిపోతే, రొయ్య ఎంత పెరిగిందో చూద్దామని పక్కాయన వల అడిగి తెచ్చుకుని ఒక్కసారి విసిరారట. పది రోజులు తిరక్కుండా రొయ్యలన్నీ గట్టంచుకి చేరి చచ్చిపోయాయి. పెంకుల మీద తెల్లమచ్చలు. కారణం నీళ్లు కావచ్చు, వేసిన రొయ్యపిల్ల కావచ్చు, కాకే కావచ్చు. ఆయన మాత్రం ఆ వల విసిరిన చేతినే తప్పుపట్టారు. "నా చెయ్యి మంచిది కాదమ్మా" అనేవారు. ఆ తర్వాత ప్రాణమున్న ఏ నీళ్లలోనూ ఆయన చెయ్యి పెట్టలేదు.

అలాంటి మనిషి ఇంట్లో నేను సముద్రపు చేపల తొట్టె పెడతానన్నాను. దానికి రాళ్లు కావాలి. లైవ్ రాక్, అంటే బతికున్న రాయి అయితే అందులో సూక్ష్మజీవులు ముందే ఉంటాయి, నీటిలోని విషాన్ని అవి తినేస్తాయి, చేపల్ని తొందరగా వదలొచ్చు. డ్రై రాక్, అంటే ఎండురాయి అయితే నెలల తరబడి కాచుకోవాలి. తాడేపల్లిగూడెంలో ఒకాయన తన తొట్టె ఎత్తేస్తుంటే ఆయన దగ్గర్నుంచి లైవ్ రాక్ తెచ్చాను, తడిగుడ్డల్లో చుట్టి, బకెట్లో పెట్టుకుని, బస్సులో.

మామగారు బకెట్‌కి నాలుగడుగుల దూరంలోనే ఆగిపోయారు.

"వేరేవాళ్ల నీళ్లలోంచి వచ్చిందా అమ్మా? అందులో ఏం దాక్కుందో ఎవరికి తెలుసు?"

"బళ్లో సైన్సు చెప్పేదాన్ని, నాకు తెలీదా మావయ్యగారూ?"

"తెలుసమ్మా. ఆ ఏడు నాకూ అన్నీ తెలుసు."

మర్నాడు నేను బడి నుంచి వచ్చేసరికి రాళ్లన్నీ మేడ మీద మండుటెండలో ఉన్నాయి. వాసనకి ముక్కు పగిలిపోతోంది. ఆయన గొడుగేసుకుని పక్కనే కాకుల్ని తోలుతూ కూర్చున్నారు. "నెర్రెలిచ్చేదాకా ఎండనీకుండా చెరువులో కొత్త పిల్ల వెయ్యకూడదమ్మా. రాయైనా అంతే" అన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. "మీ చెరువు పోతే నా తొట్టె కూడా పోవాలా అండీ?" అనేశాను. ఒక రాతి కన్నంలోంచి వేలెడు పొడవున, ఒళ్లంతా ముళ్లున్న పురుగొకటి సగం బయటికొచ్చి ఎండిపోయి ఉంది. దాన్ని పుల్లతో చూపించారు, అంతే. అలాంటి పురుగు చాలామటుకు హాని చెయ్యదని తర్వాత చదివాను. ఆయనకి చెప్పలేదు.

ఎండిన రాయిని మళ్లీ బతికించాలంటే ఉప్పునీళ్లలో వేసి, ఒక రొయ్య ముక్కని అందులో కుళ్లనివ్వాలి. కుళ్లు పుడితే దాన్ని తినే జీవాలు పుడతాయి. ఈ సంగతి చెప్పినప్పుడు ఆయన మొహం పాలిపోయింది. చచ్చిన రొయ్యని నీళ్లలోకి చేజేతులా వెయ్యడమా! "ఉడకబెట్టి వేద్దామమ్మా" అన్నారు. ఉడకబెట్టాం. ఇంకోసారి ఉడకబెట్టమన్నారు. చివరికి పట్టకారుతో పట్టుకుని, కళ్లు మూసుకుని, ఆయనే వేశారు. రెండు నెలలు రోజూ నీటి పరీక్ష చేయించారు. పరీక్ష నీళ్లలో తేలిన రంగు నేను చూసి చెప్పేదాన్ని, ఆయన గోడ క్యాలెండర్ మీద రాసుకునేవారు. చేపలు రెండొచ్చాయి, నారింజ రంగువి. రాళ్ల మీద మెల్లగా ఊదారంగు పొర కట్టింది. ఆయన అద్దానికి ముక్కు ఆనించి గంటలు గంటలు చూసేవారు. చెయ్యి మాత్రం పెట్టలేదు.

చివరికి ఒక సాయంత్రం ఆయనే అడిగారు.

"అమ్మాయ్, రాయి బతికినట్టేనా?"

"బతికిందండీ."

"అయితే ఒక్కసారి ముట్టుకోనా?"

మోకాళ్లకి నొప్పి మందు రాసుకుని అప్పుడే లేచారు. మందు చెయ్యి ఆ నీళ్లలో పెడితే చేపలకి ప్రమాదం. "రేపు పెడుదురుగానండి" అన్నాను. సబ్బుతో బాగా కడిగించి, వెంటనే పెట్టనివ్వొచ్చు, నేనే ఆ మాట అనలేదు. ఆ చేతికి నేను కూడా భయపడ్డానని ఆయనకి అర్థమైంది. "అంతేలేమ్మా" అని చెయ్యి వెనక్కి పెట్టుకున్నారు. ఆ రాత్రే గుండెనొప్పి వచ్చింది. మూడు రోజులు ఆస్పత్రిలో ఉన్నారు. ఇంటికి రాలేదు.

పదోరోజు కలిదిండిలో, ఆయన పాత చెరువు గట్టు మీద పిండం పెట్టారు. ఎండ ముదిరినా కాకి రాలేదు. ఆయన కోరికేదో మిగిలిపోయిందని ఆడవాళ్లు గుసగుసలాడారు. అదేమిటో నాకొక్కదానికే తెలుసు. ఎవరికీ చెప్పలేకపోయాను.

చాలాసేపటికి ఒక కాకి వచ్చింది. గట్టు మీద వాలి, రెండు గెంతులు గెంతి, మెతుకుల దగ్గరికి వచ్చింది. అందరూ రెండడుగులు వెనక్కి తగ్గారు.

"హుష్!"

ఆ గొంతు నాదే. చెయ్యి కూడా లేచే ఉంది. అందరూ నా వైపు తిరిగారు. కాకి ఎగిరి చెరువు మీది తీగ మీద కూర్చుంది. లేచిన చేతిని రెండో చేత్తో దించి గట్టిగా పట్టుకున్నాను. కాకి అక్కడి నుంచి పిండం కేసే చూస్తోంది, దిగడం లేదు.