ఏ దేశానికి?

షార్జా అల్ నహ్దాలో మా ఆయనకు వీసా మాస్టారని పేరు. చేసేది అకౌంట్స్ ఉద్యోగమే అయినా, శుక్రవారం సెలవు వచ్చిందంటే మా హాలు కాన్సులేట్ అయిపోయేది. పైచదువులకు వెళ్లే మనవాళ్ల పిల్లల్ని ఎదురుగా కూర్చోబెట్టి, వీసా ఆఫీసరు తనే అయినట్టు మొహం ముడుచుకుని ప్రశ్నలడిగేవారు. ఆ మొహం చూస్తే నాకు నవ్వాగేది కాదు. టీలు మాత్రం నేనే పెట్టాలి.

2005లో కింది అంతస్తు పాలస్తీనా ఆవిడ కూతుర్ని తీసుకొచ్చింది. తండ్రి గ్యారేజీలో మెకానిక్. ఇక్కడి కాలేజీ ఫీజులు వాళ్ల వల్ల కాదు. ఏదో ట్రస్టు పుణ్యమా అని పిల్లకు విదేశంలో ఫార్మసీ సీటు, ఖర్చులతో సహా దొరికింది. ఇక వీసా రావాలి. రాకపోతే ఆ పిల్ల చదువు అక్కడితో ఆగిపోయినట్టే.

మా ఆయన ఉత్సాహం చూడాలి! మనవాళ్లకు నేర్పే పాఠమే ఆ పిల్లకీ ఇంగ్లీషులో వల్లె వేయించారు. "ఆఖర్న అడుగుతాడమ్మా, చదువయ్యాక ఏం చేస్తావని. తడబడకూడదు. మా దేశానికి తిరిగొచ్చేస్తానని కళ్లలోకి చూసి చెప్పాలి. అది నమ్మితేనే వీసా. యల్లా, మళ్లీ చెప్పు."

ఆ పిల్ల చెప్పేది. మొదట్లో నేలచూపులు చూస్తూ, తర్వాత్తర్వాత ధాటిగా. వాళ్లమ్మకు ఇంగ్లీషు రాదు. అయినా కూతురు ఆ మాట అనగానే ముచ్చటపడి నా చెయ్యి నొక్కేది. ఎవరికీ ఏమీ తట్టలేదు. ఏటా సెలవులకు ఇండియా టిక్కెట్లు కొనుక్కునే మాకు ఎలా తడుతుంది?

ఇంటర్వ్యూ రోజు సాయంత్రం తల్లీకూతుళ్లు పైకొచ్చారు. మొహాలు చూడగానే తెలిసిపోయింది. అయినా ఆ తల్లి వట్టి చేతులతో రాలేదు. ఖర్జూరం కూరి చేసిన బిస్కెట్లు పళ్లెం నిండా తెచ్చింది. మాస్టారికని పొద్దున్నే చేసిందట.

"అన్నీ బాగానే చెప్పాను అంకుల్. ఆఖరి జవాబు కూడా మీరు నేర్పినట్టే చెప్పాను. అప్పుడు నా కాగితాలు తిరగేసి, ఏ దేశానికి అని అడిగారు" అంది పిల్ల.

పుట్టింది షార్జాలో. ఇక్కడ ఉండేది తండ్రి వీసా మీద. ఆ వీసా ఇప్పించిన యజమాని, అదే కఫీల్, పొమ్మంటే ఇంటిల్లిపాదీ పోవాల్సిందే. చేతిలో ఉన్నది పాలస్తీనా శరణార్థులకు ఈజిప్టు ఇచ్చే ప్రయాణపత్రం. అది చూపించినా ఈజిప్టులో ఉండనివ్వరు. పాలస్తీనాలో తాతగారి ఊరికేమో వెళ్లే దారి లేదు, ఆ పిల్ల దాన్ని ఎన్నడూ చూడలేదు.

"మరి నువ్వేమన్నావమ్మా?"

"కాగితాలు తీసుకుని వచ్చేశాను. ఖలాస్ అంకుల్."

నాకు కోపం ముంచుకొచ్చింది. ఆ ఆఫీసరు మీదా, మా ఆయన పాఠం మీదా, ఆ పాడు ప్రశ్న మీదా. కోపం ఎప్పుడో చల్లారింది, బాధే పోలేదు. తర్వాత ఆ పిల్ల మా వీధి చివర మందుల షాపులో బిల్లులు కొట్టే పనికి కుదిరింది. జ్వరం మాత్రల కోసం కూడా నేను వేరే షాపుకు వెళ్లేదాన్ని. ఆ కౌంటరు వెనక ఆ పిల్లను చూడలేకపోయాను.

ఆ ఇంటర్వ్యూ రోజు సాయంత్రం వెళ్తూ వెళ్తూ ఆ పిల్ల గుమ్మం దగ్గర ఆగింది. ఇంకా పాఠం మిగిలే ఉన్నట్టు, శ్రద్ధగా అడిగింది.

"నేనేం చెప్పాల్సింది అంకుల్?"

మా ఆయన చేతిలో బిస్కెట్టు అలాగే ఉండిపోయింది. ఆ పిల్ల తల్లి వెనకే మెట్లు దిగిపోయింది.